కృష్ణుడి మెడలో నూట పదహార్లు

మా పిన్నికి నాటకాలంటే పడేది కాదు. బాబాయికి అవి తప్ప ఇంకేవీ పట్టేవి కాదు. గుంటూరు బ్రాడీపేటలో వాళ్లింట్లో ఉండి ఇంటర్ చదివాను కాబట్టి, ఆ రెండేళ్లూ వాళ్లిద్దరి మధ్యా నలిగినవాణ్ణి నేనే. సాయంత్రం ఆరైతే బాబాయి ఆఫీసు నుంచి వచ్చి, మొహం కడుక్కుని, చేతిసంచిలో పోర్షన్ రాసుకున్న నోటుపుస్తకం పెట్టుకుని రిహార్సల్‌కి బయల్దేరేవాడు. "రాత్రికి ఎవరికి వండాలి? మీకా, దుర్యోధనుడికా?" అని వంటింట్లోంచి పిన్ని అడిగేది. బాబాయి సమాధానం చెప్పేవాడు కాదు. గేటు చప్పుడే సమాధానం.

వాళ్ల నాటక సమాజంలో తొమ్మిదిమంది ఉండేవాళ్లు. దర్శకత్వం ఒక తెలుగు మాస్టారిది. కృష్ణుడు పగలు ఆర్టీసీ డిపోలో మెకానిక్. అర్జునుడు టైలరు. ఒకాయన పొగాకు కంపెనీలో గుమాస్తా. మేకప్ చేసే ఆయన్ని మేమంతా మేకప్ మామ అనేవాళ్లం. అరండల్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో, పిల్లలు వెళ్లిపోయాక, బెంచీలు గోడవారకి జరిపి రిహార్సల్స్ చేసేవాళ్లు. వాళ్లలో పెద్దవాళ్లకి ఒక గర్వం ఉండేది. ఎన్టీఆర్ మన ఏసీ కాలేజీలో చదివినవాడేనని, ఇక్కడి గాలికే నటన వస్తుందని చెప్పుకునేవాళ్లు. 1952లో రాయలసీమ కరువుకి ఆయన ఊరూరా తిరిగి విరాళాలు పట్టిన సంగతి, 1977లో దివిసీమ ఉప్పెన తర్వాత ఆయనా, ఏఎన్నారూ జనంలోకి వచ్చిన సంగతి టీ తాగినప్పుడల్లా వచ్చేవి. కానీ అప్పటిదాకా మా సమాజం ఎవరి కోసమూ పది రూపాయలు పోగుచేసిన పాపాన పోలేదు. నాటక పరిషత్తు పోటీలకి వెళ్లడం, షీల్డు తెచ్చుకోవడం, రాకపోతే జడ్జీలని తిట్టుకుంటూ లారీ ఎక్కి రావడం, అంతే.

1992 దసరా సెలవుల్లో పిన్నికి రొమ్ములో గడ్డ తగిలింది. నొప్పి లేదు కాబట్టి రెండు నెలలు ఎవరికీ చెప్పలేదట. నొప్పి లేకపోవడమే మోసం అని తర్వాత డాక్టరు అన్నారు. అప్పటికి మా వైపు ఇలాంటి జబ్బుకి ఎవరైనా చెప్పేది మద్రాసు అడయార్ పేరే. ముత్తులక్ష్మీరెడ్డిగారు తన చెల్లెలు క్యాన్సర్‌తో పోయిందని పట్టుబట్టి 1954లో మొదలుపెట్టిన ఆసుపత్రి. తెనాలి వెళ్లి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కారు ఇద్దరూ. బాబాయి చేతిసంచిలో ఆ రోజు నోటుపుస్తకం లేదు, రిపోర్టులున్నాయి.

ఆపరేషన్ అయ్యింది, గాయం మానింది, తర్వాత రేడియేషన్. వారానికి అయిదు రోజులు చొప్పున అయిదు వారాలు, మొత్తం ఇరవై అయిదు సిట్టింగులు. మిషను కింద పడుకునేది నాలుగైదు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాల కోసం మిగతా రోజంతా మద్రాసులో బతకాలి. గది అద్దె, భోజనం, బస్సు, కాఫీ, ఫోను. మిషన్లో ఉండే కోబాల్ట్ శక్తి అయిదేళ్లు దాటేసరికి సగానికి పడిపోతుందనీ, అది పాతబడేకొద్దీ పడుకోబెట్టే నిమిషాలు పెరుగుతాయనీ అక్కడి టెక్నీషియన్ చెబితే బాబాయి, "మా కృష్ణుడూ అంతే, గొంతు పాతబడేకొద్దీ రాగం పెరుగుతోంది" అన్నాడట. పిన్ని నవ్విందో లేదో చెప్పలేదు. నవ్వే ఉంటుంది, లేకపోతే మాకు తిరిగి చెప్పేది కాదు.

సంక్రాంతి దాటాక తిరిగొచ్చారు. వచ్చిన రోజు నాయనమ్మ దిగులుగా చూస్తుంటే పిన్నే మాట కలిపింది. "నాకూ రంగేశారత్తయ్యా. కిరణాలు ఎక్కడ పడాలో తెలియడానికి ఛాతీ మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. మీ అబ్బాయి రంగు కొబ్బరినూనె రాస్తే పోద్ది. నాది మాత్రం సబ్బు తగలకూడదన్నారు." నాటకాల గురించి తిట్టు లేకుండా ఆమె మాట్లాడగా వినడం నాకు అదే మొదలు.

ఇక్కడొక మాట చెప్పాలి. ఆ రోజుల్లో జబ్బు పేరు ఎవరూ పలికేవాళ్లు కాదు. "ఆ జబ్బు" అనేవాళ్లు. ముసలివాళ్లయితే రాచపుండు అనేవాళ్లు. పక్కింటావిడ అంతకుముందు రోజూ మజ్జిగ పట్టుకెళ్లేది, మెల్లగా మానేసింది. అంటుకోదని పిన్ని ఒకసారి చెప్పి చూసింది, రెండోసారి చెప్పలేదు. ఆ మిగిలిన మజ్జిగ నేనే తాగాను.

నాటకం ఆలోచన పుట్టింది మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకావిడ వల్ల. మద్రాసులో పిన్నివాళ్లు దిగిన చోటే పక్క గదిలో ఉండేది. వైద్యానికి ఆసుపత్రిలో రాయితీ ఇచ్చారు. కానీ గదికీ తిండికీ ఎవరిస్తారు? పదకొండు సిట్టింగులయ్యాక డబ్బులైపోయాయి, ఊళ్లో మిరపకోతలు మొదలయ్యాయి, కూలికి వెళితేనే ఇల్లు గడిచేది. మూట కట్టుకుని వెళ్లిపోయింది. మధ్యలో ఆపితే చావగా మిగిలిన కణాలు మళ్లీ పెరుగుతాయని, అప్పటిదాకా పడ్డ బాధ కూడా వృథా అని పిన్ని చెప్పిందట, రెండొందలు చేతిలో పెట్టిందట. ఆవిడ రెండొందలూ తీసుకుని రైలెక్కింది. తర్వాత ఏమైందో మాకెవరికీ తెలియదు. పిన్ని ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ ఊరి బస్సు కనిపిస్తే బోర్డు చదివేది.

ఒకరోజు రాత్రి బాబాయి అన్నం తింటుండగా అంది. "ఇన్నేళ్లు రంగేసుకున్నారు గదా. ఒక్క రోజు పనికొచ్చేటట్టు వేసుకోండి. అట్టాంటిదాన్ని మిగతా పద్నాలుగు రోజులు అక్కడ ఉంచే డబ్బులు రావాల."

బాబాయి ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే చూశాడు.

అంతే, మర్నాటి నుంచి మా ఇల్లు సత్రమైపోయింది. మాస్టారు ముందు పిన్ని పేరుతోనే సహాయనిధి అని కరపత్రం రాసుకొచ్చారు. పిన్ని చదివి మడిచి తిరిగిచ్చింది. "నా రొమ్ము సంగతి గోడల మీదెందుకు మాస్టారూ?" ఆయన మొహం కందగడ్డయ్యింది. "క్యాన్సర్ రోగుల సహాయార్థం" అని మార్చారు. రెండో గొడవ నాటిక దగ్గర వచ్చింది. మాస్టారు ఈ జబ్బు మీదే ఒక నాటిక రాశారు, మూడు రంగాలు. పిన్ని రాత్రి కూర్చుని చదివింది. పొద్దున్నే ఆయనకి కాఫీ ఇస్తూ, "ఇందులో అందరూ చస్తున్నారేంది? జనం పాతిక రూపాయలిచ్చి ఏడవడానికొస్తారా? నేను బతికే ఉన్నాగా!" అంది. మాస్టారు రెండు రోజులు రిహార్సల్‌కి రాలేదు. మూడోరోజు పెళ్లిళ్ల పేరయ్య మీద ఒక హాస్య నాటిక పట్టుకొచ్చారు. నిజం చెప్పాలంటే ఆయన రాసినవాటిలో అదొక్కటే బాగుంటుంది.

అయితే నాటికతో హాలు నిండదని అందరికీ తెలుసు. గుంటూరు జిల్లాలో జనాన్ని ఇంట్లోంచి కదిలించేది పద్యం. అందుకని గంటసేపు నాటిక, తర్వాత రాయబారం సీను అని నిర్ణయమైంది. వేదిక శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం. టికెట్ అంటే వినోదపు పన్ను గొడవ ఉంటుందని డోనర్ కార్డులు అచ్చువేయించారు, పాతిక, యాభై, వంద. నాకు పాతికవి ఇరవై ఉన్న కట్ట ఇచ్చారు. బ్రాడీపేట లైన్లన్నీ, అడ్డరోడ్లన్నీ సైకిలు మీద తిరిగాను. డబ్బులిచ్చి కార్డు వద్దన్నవాళ్లు ఉన్నారు. జాలిపడి కాదు, ఆ పేరున్న కాగితం ఇంట్లో పెట్టుకోవచ్చో లేదో అని. ఒకాయన తీసుకుని చొక్కా జేబులో పెట్టుకోకుండా సైకిలు క్యారేజీకి గుచ్చుకుని వెళ్లాడు.

పంతొమ్మిది కార్డులు అమ్మాను. ఇరవయ్యోదాని సంగతి తర్వాత.

పెద్ద మొత్తం మాత్రం కార్డుల మీద కాదు, పొగాకు మీద వచ్చింది. గుంటూరంటే ఇప్పుడు అందరూ మిరపకాయలంటారు గానీ, మా చిన్నప్పుడు ఎండాకాలం గాలిలో ఘాటంతా పొగాకుదే. టొబాకో బోర్డు 1976లో ఏర్పడితే ప్రధాన కార్యాలయం గుంటూరులోనే పెట్టారు. పొగాకు ఆరబెట్టే బేరన్ల నుంచి వచ్చిన ఆకుని ఆడవాళ్లు వరసల్లో కూర్చుని గ్రేడింగ్ చేసేవాళ్లు. ఆ పొడికి దగ్గుతూనే పిల్లల్ని పెంచారు, చదివించారు, పెళ్లిళ్లు చేశారు. మా సమాజంలోని గుమాస్తా వెళ్లి తమ వ్యాపారిని అడిగితే ఆయన మారుమాట లేకుండా అయిదువేలు ఇచ్చాడు. మాస్టారికి నచ్చలేదు. "పొగాకు అమ్మినవాడి డబ్బుతో క్యాన్సర్‌కి సాయమా? ఇది పులి చేత ఆవుకి గడ్డి వేయించడం లాంటిది" అన్నారు. వాదన గంటసేపు నడిచింది. మేకప్ మామ వరండాలో బీడీ కాలుస్తూ వింటున్నాడు, అర్జునుడు ఆయన దగ్గర అగ్గిపెట్టె అడుగుతున్నాడు. చివరికి పిన్ని లేచి, గుమాస్తా చేతిలోంచి కవరు తీసుకుని లెక్కపెట్టింది. "ఆ డబ్బులు ఇటు రాకపోతే ఇంకెటు పోవాల?" అంది. పుస్తకంలో జమ వైపు "పొగాకు – 5,000" అని రాసింది. వ్యాపారి పేరు రాయలేదు. మాస్టారు ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు గానీ, ఆ వాదనలో ఎవరిది ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

ఆ పుస్తకం అప్పటికి కొత్తది. పొడుగాటి చిత్తుపుస్తకం, ఎర్ర గుడ్డ అట్ట. బాబాయి చేతిలో డబ్బు నిలవదని తెలిసి లెక్కలు పిన్నే తీసుకుంది. నాటకాలంటే గిట్టని మనిషి కోశాధికారి. ఆమె పెట్టిన మొదటి నియమం, గ్రీన్ రూములో ఎవరూ సిగరెట్ ముట్టుకోకూడదు. దాంతో నాటకం రోజు రాత్రి హాలు వెనక గోడవారన నేను ఒక దృశ్యం చూశాను. నీలంరంగు పూసుకుని, నెమలిపింఛం పెట్టుకుని, పీతాంబరం దుమ్ములో పడకుండా ఒక చేత్తో పైకి పట్టుకుని, రెండో చేత్తో సిగరెట్ కాలుస్తున్న శ్రీకృష్ణ పరమాత్మ. నన్ను చూసి, "పిన్నికి చెప్పబాకరా" అన్నాడు.

నాటికలో ఆడవేషానికి తెనాలి నుంచి ఒక ఆర్టిస్టు వచ్చింది. ఆరొందలు ఆమె పారితోషికం. సమాజంలో డబ్బు తీసుకునేది ఆమె ఒక్కతే, ఎప్పుడూ అంతే. ఈసారి మంచిపని కదా, తగ్గించుకుంటుందేమోనని ఒకరిద్దరు ఆశపడ్డారు. ఆమె ఆరొందలూ పిన్ని ముందే లెక్కపెట్టి తీసుకుంది. వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేనూ గుసగుసలాడినవాడినే. పిన్ని మాత్రం, "మీకందరికీ ఒకటో తారీకు జీతాలొస్తాయి. ఆమెకి ఒకటో తారీకు ఈ రాత్రే" అంది. అందరూ నోరు మూసుకున్నారు.

ఆ రాత్రి, 1993 నవంబరులో, హాలు నిండింది. నాటికకి నవ్వులు పడ్డాయి, ఒకచోట ప్రాంప్టరు గొంతు మైకులో వినపడి ఇంకా ఎక్కువ నవ్వులు పడ్డాయి. రాయబారం మొదలయ్యేసరికి పదకొండు. హార్మోనియం మీద శ్రుతి లేవగానే వెనక వరసల్లోని ముసలివాళ్లు ముందుకు జరిగారు. డిపోలో పగలంతా బస్సు కింద పడుకుని బోల్టులు బిగించే మనిషి, నోరు తెరిస్తే ఎక్కడి నుంచి వచ్చేదో ఆ గొంతు. ఒక్కో పద్యం చివర రాగం తీస్తుంటే గడియారం ఆగిపోయేది. వన్స్ మోర్! మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్ మోర్. దుర్యోధనుడిగా మా బాబాయి సింహాసనం మీద కూర్చుని, కోపం నటించడం మర్చిపోయి తలాడిస్తున్నాడు.

పద్యనాటకం చూసినవాళ్లకి తెలుసు, చదివింపులు ఎలా ఉంటాయో. ఒకాయన స్టేజీ ఎక్కి, నోట్లు పిన్నీసుతో కృష్ణుడి దండకి గుచ్చి, మైకులో పేరు చెప్పించుకుని దిగుతాడు. మామూలుగా ఆ డబ్బు నటుడిదే, నియమం అది. ఆ రాత్రి ఆయన ముందే చెప్పాడు, మెడలో పడ్డది మొత్తం నిధికేనని. ఆ మాట మైకులో పడ్డాక ఆగలేదు. "ఫలానావారు, వారి తల్లిగారి జ్ఞాపకార్థం, నూట పదహార్లు." "ఫలానావారు, వారి భార్య జ్ఞాపకార్థం, నూట పదహార్లు." జబ్బు పేరు ఎవరూ చెప్పలేదు. కానీ వరసగా అంతమంది జ్ఞాపకార్థం అని ఎందుకు చెబుతున్నారో హాల్లో అందరికీ అర్థమవుతోంది. మజ్జిగ మానేసిన పక్కింటావిడ భర్త కూడా స్టేజీ ఎక్కాడు. ఆయన అక్కయ్య పేరు చెప్పాడు. ఆయనకి అక్కయ్య ఉండేదని మాకు ఆ రాత్రిదాకా తెలియదు.

పిన్ని ఇవేవీ చూడలేదు. గేటు దగ్గర బల్ల వేసుకుని, క్యాష్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. లోపలికి రమ్మని బాబాయి రెండుసార్లు కబురంపాడు. "పెట్టె ఎవరు చూస్తారు?" అంది. పద్యం బయటికి ఎలాగూ వినిపిస్తుంది.

లెక్క ఇలా తేలింది. కార్డుల మీద 11,850. పొగాకు 5,000. "కృష్ణుడి మెడలో – 19 నూట పదహార్లు – 2,204." ఖర్చులు, హాలు అద్దె, మైకు, లైట్లు, హార్మోనిస్టు, తెనాలి ఆవిడ, విగ్గులు అంటించే స్పిరిట్ గమ్, టీలతో సహా 4,310. నికరం 14,744. ఇప్పుడు వింటే నవ్వొస్తుంది. అప్పుడు బాబాయి రెండుసార్లు కూడి చూసుకున్నాడు.

ఈ డబ్బు మందులకి ఇవ్వకూడదన్నది పిన్ని రెండో నియమం. "మందులకి మనమెక్కడ చాలతాం? రెండు ఇంజక్షన్లకి పెట్టె ఖాళీ" అనేది. రైలుకీ, గదికీ, తిండికీ మాత్రమే. డబ్బు చేతికిచ్చేది కాదు, టికెట్ కొనిచ్చేది, గది అద్దె మనియార్డరు చేసేది. క్యాన్సర్ రోగికీ, వెంట వెళ్లే మనిషికీ రైల్వేవాళ్లు రాయితీ ఇస్తారని మద్రాసులో తెలుసుకుంది. చాలామందికి ఆ సంగతి తెలియక నిండు చార్జీ పెట్టి వెళ్లేవాళ్లు. డాక్టరు సంతకం పెట్టాల్సిన ఆ ఫారాలు ఒక కట్ట తెచ్చి అల్మారాలో పెట్టింది. మా ఇంటికి వచ్చినవాళ్లకి ముందు మంచినీళ్లు, తర్వాత ఫారం. నింపేది నేను. నా దస్తూరి బాగుపడింది ఆ ఫారాల పుణ్యమే.

ఆ పుస్తకంలో ఖర్చు పేజీలు చదువుతుంటే ఒక్కోచోట ఆగిపోవాల్సి వస్తుంది. "తెనాలి–మద్రాసు, ఇద్దరికి." "గది, తొమ్మిది రోజులు." "ఇడ్లీ, కాఫీ." "ఉత్తరాలు, కవర్లు." ఒకచోట "చెప్పులు ఒక జత" అని ఉంది. మాస్టారు ఆడిట్ చేసేటప్పుడు, నియమంలో చెప్పులు లేవు కదమ్మా అన్నారు. "ఆమెకీ లేవు" అంది పిన్ని.

విగ్గు సంగతి చెప్పకపోతే మేకప్ మామ ఆత్మ నన్ను వదలదు. తాడికొండ వైపు నుంచి డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి వచ్చింది, తండ్రితో. కీమో మొదలైన మూడు వారాలకే జుట్టు దువ్వెనకి కుచ్చులుగా వచ్చేసిందట. మందు ఆపితే కొన్ని నెలలకి మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పినా, ఆ కొన్ని నెలలు కాలేజీకి వెళ్లనని కూర్చుంది. తల మీంచి చున్నీ తియ్యలేదు, మంచినీళ్లు కూడా తల వంచే తాగింది. మేకప్ మామ వరండాలో ఉండి చూశాడు. సాయంత్రం తన ట్రంకుపెట్టెతో వచ్చాడు. అందులోంచి ద్రౌపది విగ్గు తీశాడు. అసలు జుట్టుతో కట్టింది, మోకాళ్లదాకా ఉంటుంది, సమాజం ఆస్తుల్లో కెల్లా ఖరీదైనది. కుంకుడుకాయలతో రెండుసార్లు రుద్ది కడిగాడు, అయినా స్పిరిట్ గమ్ వాసన పోలేదు. ఆరబెట్టి, ఆ అమ్మాయిని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దం ఇవ్వకుండా, కత్తెరతో మెల్లగా భుజాల దాకా కత్తిరించాడు. ముందు వైపు నుదుటి మీదికి రెండు పాయలు వదిలాడు. "సినిమా హీరోయిన్లకి కూడా ఇంత నున్నగా కుదరదమ్మా" అన్నాడు. అది అబద్ధం. కుడివైపు కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంది. అమ్మాయి అద్దంలో చూసుకుని తండ్రి వైపు తిరిగింది. ఆయన నోట మాట రాలేదు, చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. అమ్మాయే, "పోదాం పద నాన్నా, బస్సు పోద్ది" అంది.

ఆ ఏడాది మా సమాజం నాటకంలో ద్రౌపది జుట్టు విరబోసుకుని శపథం గుర్తుచేసే ఘట్టం తీసేయాల్సి వచ్చింది. జుట్టుంటేగా! ఏడాది తిరక్కుండానే ఆ అమ్మాయి విగ్గు ఉతికి, కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. దాన్ని తర్వాత ఉత్తరకుమారుడికి వాడారు.

బెజవాడలో కూడా ఒకసారి వేశారు, హనుమంతరాయ గ్రంథాలయంలో. అదే రోజు ఊళ్లో ఇంకో పెద్ద కార్యక్రమం ఉండటంతో కుర్చీలు సగం ఖాళీ. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎవరూ మాట్లాడలేదు. పిన్ని పుస్తకంలో ఆ రోజుకి "నష్టం 340" అని ఒక్క ముక్కే ఉంది. తర్వాత బెజవాడ పేరెత్తలేదు. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో వేద్దామని బాబాయికి ఉండేది, అద్దె అడిగొచ్చి ఊరుకున్నాడు.

పదేళ్ల పైన నడిచింది. ప్రతి ఏడూ ఒక రాత్రి. 2000లో హైదరాబాదులో బసవతారకం ఆసుపత్రి తెరిచాక పుస్తకంలో మద్రాసు తగ్గి హైదరాబాదు పెరిగింది. సర్కార్ ఎక్స్‌ప్రెస్ బదులు ఆర్టీసీ బస్సు టికెట్లు కనిపిస్తాయి. మాస్టారు రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయారు. మేకప్ మామని ఆ బీడీలే తీసుకుపోయాయి, ఊపిరితిత్తుల్లో వచ్చింది. ఆయన గది అద్దె కూడా ఆ పుస్తకంలోనే ఉంది, పదహారు రోజులు. కృష్ణుడికి గొంతు పోయింది, జబ్బు వల్ల కాదు, వయసు వల్ల. జనం టీవీల ముందు కూర్చున్నారు. 2004లో చివరి నాటకం. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినప్పుడు బాబాయి పేపరు మడిచి పిన్ని ఒళ్లో పెట్టి, "ఇక నీ పెట్టె మూసేయొచ్చు" అన్నాడు. "ఆపరేషన్ వాళ్లు చేయిస్తారు. కాఫీ ఎవరు తాగిస్తారు?" అంది గానీ, అప్పటికి పెట్టెలో మిగిలింది ఏమీ లేదు.

బాబాయి పోయి చాలా ఏళ్లయింది. పిన్ని బ్రాడీపేటలో అదే ఇంట్లో ఉంటుంది. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో ట్రస్టువాళ్లు క్యాన్సర్ బ్లాకు కట్టించాక ఒకసారి తీసుకెళ్లి చూపించమంది. వెళ్లాం. మిషన్లూ డాక్టర్లూ ఉన్న వైపు ఆమె చూడలేదు. వెంట వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చుంటున్నారు, ఎక్కడ పడుకుంటున్నారు అని నన్ను అడుగుతూ నడిచింది.

ఇది రాద్దామనిపించి పోయిన నెల పుస్తకం అడిగాను. బీరువాలోంచి తీసి, దుమ్ము చీరకొంగుతో తుడిచి, ఇవ్వబోయి ఆగింది. మొదటి ఏడాది పేజీ తిప్పి వేలు పెట్టింది. "కార్డు 1 – అరువు – 25."

"ఎవరికిరా అరువిచ్చావు?"

ముప్ఫై ఏళ్లు దాటింది. ఇంకా అబద్ధం ఆడటం బాగుండదని చెప్పేశాను. ఇరవయ్యో కార్డు నేనే ఉంచుకున్నాను. చేతిలో ఉన్న కార్డుల డబ్బులోంచి పాతిక తీసి శంకర్‌విలాస్ సెంటర్లో స్నేహితుడితో కలిసి మిరపకాయ బజ్జీలు, టీలు. ఆ రోజు కట్ట తెచ్చిచ్చినప్పుడు ఎవరో రేపిస్తామన్నారని చెప్పాను.

పిన్ని పుస్తకం చివర్లో పిన్ను గుచ్చి ఉన్న కౌంటర్‌ఫాయిల్ కట్ట తీసి నా ముందు పెట్టింది. చివరిదాని మీద పచ్చగా గుండ్రటి నూనె మరక.

"ఆ రోజే తెలుసు" అంది. "పాతిక ఇచ్చి పుస్తకం పట్టుకుపో."

జేబు తడుముకున్నాను. నా దగ్గర నోటు లేదు. ఫోన్లో పంపిస్తానన్నాను. "ఫోన్లో తీసుకునేది నాకు తెలీదు" అని పుస్తకం చేతిలో పెట్టింది. అరువు అట్టాగే ఉంది.